తిన్నది చెబితేనే మందు

మా బావ కిందటి నెలలో పోయాడు. నిద్రలోనే పోయాడు. ఎవరినీ ఒక పూట సుఖంగా ఉండనివ్వని మనిషికి అంత సుఖమైన చావేమిటని వీధిలో చాలామంది అన్నారు. నా ముందే అన్నారు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నాకు వెంటనే తోచవు. అయినా ఆయన గుర్తురాని రోజు ఈ నెలలో ఒక్కటీ లేదు.

ఆయన మా అక్క భర్త. మా వైపు అక్కను అప్ప అంటాం. సరుకు ఓడల్లో వంటవాడిగా చేసి, మానేసి అనకాపల్లి వచ్చి, మా వీధిలోనే ఇల్లు కొనుక్కున్నాడు. పిల్లలు లేరు. ఓడల మీంచి ఆయన రెండే తెచ్చాడని అప్ప అనేది, ఒక మందు, ఒక నోరు.

మందు చీనా మందు. ఓడలో ఆయన పైవాడు, పెద్ద వంటవాడు, చీనా దేశస్థుడు. తిండి ఎక్కువై కడుపు బిగదీసినవాళ్ళకి వాళ్ళ దేశంలో తరతరాలుగా ఇచ్చే ఉండలు ఉన్నాయట. వాటి పేరుకి కడుపును రాజీకి తేవడం అని అర్థమట. ఎండిన కమలా తొక్క, వేయించిన ముల్లంగి గింజలు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఒక రకం పుల్లటి ఎర్రపండు, ఇంకా ఏవో రెండు మూడు. మా బావ అవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నాడు. ఇక్కడికి వచ్చాక బార్లీ బదులు చోళ్ళు, అదే రాగులు, మొలకెత్తించాడు. ఎర్రపండు విశాఖపట్నం రేవులో పాత స్నేహితులు తెచ్చి ఇచ్చినన్నాళ్ళు వాడి, తరవాత ఎండు రేగుపళ్ళతో సరిపెట్టాడు. ఉండలు కట్టే ఓపిక లేక కషాయం కాచేవాడు. ఇంకా ఇది చీనా మందేనా అని ఒకసారి అడిగాను.

"ఓడ ఏ రేవులో ఆగితే ఆ రేవు నీళ్ళే పట్టుకుంటాది బావా. ఓడ మారిపోతాదేటి?" అన్నాడు.

బెల్లం మాత్రం వెయ్యనిచ్చేవాడు కాదు. వీధి మలుపు దాటితే బెల్లం వాసన కొట్టే ఊళ్ళో, చేదు పోవడానికి చిన్న ముక్క అడిగినవాళ్ళని గేటు బయటికి పంపేసేవాడు.

ఆ చీనా వంటవాడు ఒక షరతు పెట్టాడట. ఇది లోపల ఇరుక్కున్న తిండిని కరిగించే మందు, లోపల తిండి లేనివాడికి ఇస్తే ఒంట్లో ఉన్న కాస్త బలాన్నీ లాగేస్తుంది, అందుకని ఏం తిన్నాడో అడక్కుండా ఎవరికీ ఇవ్వొద్దు. అడగమన్నాడు. అందరి ముందూ అడగమని ఆయన చెప్పి ఉండడు. అది మా బావ సొంతం.

పొద్దున్నే అరుగు మీద జనం ఉండేవారు. కశింకోట వైపు నుంచి షేర్ ఆటోల్లో కూడా వచ్చేవారు. బావ నిక్కరు, బనీను వేసుకుని, భుజాన తువ్వాలుతో బయటికి వచ్చేవాడు. ఫోను లైటు వేసి నాలుక చూసేవాడు. పుచ్చకాయ కొనేవాడిలా రెండు వేళ్ళతో పొట్ట మీద తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. అప్పుడు ఒకే మాట. "తిన్నది సెప్పు."

చెవిలో చెప్తానంటే ఒప్పుకునేవాడు కాదు. వెనకాల ఉన్నవాళ్ళకి కూడా వినబడాలి. ఎవరైనా కొంచెం బిర్యానీ తిన్నానంటే, "కొంచెం అనేది ఏ హోటల్లో వండుతారు? ప్లేటు సెప్పు" అనేవాడు. తిన్నవన్నీ చెప్పించి, చెప్పనివి కూడా నోరు వాసన చూసి తనే చెప్పేవాడు. వాసన విషయంలో ఆయన పొరపాటు పడగా నేను చూడలేదు. దారిన పోతూ ఎవరి గేటు ముందైనా ఆగి, మీ ఇంట్లో మొన్నటి వంకాయ కూర ఇవాళ కూడా ఉందే అని కేకేసిన రోజులున్నాయి. డబ్బు పుచ్చుకునేవాడు కాదు. మనుషులు సిగ్గుతో చితికిపోతుంటే చూడటమే ఆయన పుచ్చుకున్న ఫీజు అని నాకు అనిపించేది.

ఒకసారి అయ్యప్ప మాల వేసుకున్న కాంట్రాక్టరు ఒకాయన వచ్చాడు. మా ఊళ్ళో పలుకుబడి ఉన్న మనిషి. రాత్రి పళ్ళు తిన్నానన్నాడు. బావ వంగి, ఆయన మొహం దగ్గర ముక్కు పెట్టి, లేచాడు.

"సామీ, మందు గావాలా, మర్యాద గావాలా?" అన్నాడు.

ఆ మనిషి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. అరుగంతా చూస్తోంది. చివరికి, సబ్బవరం దాటాక రోడ్డు పక్క ధాబాలో ఆమ్లెట్ తిన్నానని చెప్పాడు. బావ మందు ఇచ్చాడు, నొప్పి తగ్గింది. రెండు రోజుల్లో ఆ సంగతి వాళ్ళ గురుస్వామికి తెలిసి, మాల తీయించేశారు. ఆ కుటుంబం ఇప్పటికీ మా వీధిలోంచి నడవదు. నేను బావని అడిగాను, ఆయనకి అంత అవమానం అవసరమా అని. నొప్పి తగ్గిందా లేదా అన్నాడు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. నా చేతిలో పుస్తకం చూపించి, ఈ ఎండుగడ్డి అరగడానికి కూడా మందు గావాలా బావా అన్నాడు. అరుగు మీదవాళ్ళు నవ్వారు. వాళ్ళూ నవ్వులపాలైనవాళ్ళే. రేపు ఇంకొకడి వంతు చూడటానికే వాళ్ళు ఇవాళ తమ వంతు భరించేవారు.

మా అప్పని ఆయన చేసినది వేరు. అప్ప చిన్న మనిషి. చిన్నప్పటినుంచీ పిట్టలా తినేది. అలాంటి మనిషిని ఆయన తిండిపోతును చేశాడు. పెళ్ళిళ్ళకి వెళితే బంతిలో ఆమె విస్తట్లో పడిన గారెల్ని దూరం నుంచి గట్టిగా లెక్కపెట్టేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళకి, నెలకి తెచ్చిన బియ్యం వారానికి అయిపోయాయని చెప్పేవాడు. ఓడలో అంతమందికి వండిన మనిషి ఇంట్లో వంటకి పొయ్యి ముట్టుకోలేదు. దీని ఒక్కదానికీ వండటం ఓడంతటికీ వండటం కన్నా కష్టమని దానికి కారణం చెప్పేవాడు. అప్ప పెళ్ళిళ్ళలో తినడం మానేసింది. తరవాత ఇంట్లో కూడా ఎవరైనా ఉంటే తినేది కాదు. నాకు ఆకలేస్తే సిగ్గేస్తోందిరా అని ఒకసారి నాతో అంది.

ఇదంతా ఆమె జబ్బుకి ముందు సంగతి. ఇది ముందే రాసి పెడుతున్నాను. తరవాత జరిగినది రాసేటప్పుడు ఆయన్ని మంచివాణ్ణి చెయ్యాలని చెయ్యి దానంతటదే పోతుంది.

అప్పకి కడుపునొప్పి మొదలైంది. అందరిలాగే ఆమెనీ అరుగు మీదికి పిలిచి, తిన్నది చెప్పమని, తిట్టి, మందు ఇచ్చాడు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. చిక్కిపోయింది. అప్పుడు విశాఖపట్నం తీసుకెళ్ళి స్కానింగ్ చేయించాడు. తిరిగి వచ్చి అరుగు మీద అందరికీ చెప్పాడు, అంత పెద్ద మెషీనులో పడుకోబెడితే లోపల గ్యాసు తప్ప ఏమీ లేదట, గ్యాసుకి కారణం మెషీను చెప్పదు గాని తనకి తెలుసునట. అప్ప తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆమె మొహంలో తేలిక నేను చూశాను. మా అమ్మ కడుపులో రాచపుండుతో, పేరు ఎత్తడానికి అందరూ భయపడే జబ్బుతో, పోయింది. చివరి రోజుల్లో అమ్మకి అన్నీ చేసింది అప్పే. ఆ జబ్బు నాకు వచ్చిందని తెలిస్తే తెలిసిన రోజునే గుండె ఆగి పోతాను అని ఆమె చాలాసార్లు అనేది.

ఒక మధ్యాహ్నం నేను పెరటి వైపు నుంచి వెళ్ళాను. బావ వంటింట్లో గట్టు దగ్గర నిలబడి, కల్వంలో తెల్లటి బిళ్ళలు నూరుతున్నాడు. పక్కన అప్పకి ఇచ్చే గ్లాసు ఉంది. అందులో ఉన్నది కషాయం కాదు. వాసనకి కమలా తొక్క వేసి కాచిన బార్లీ నీళ్ళు. ఏమిటి బావా ఇది అన్నాను. ఆయన ముందుగది వైపు ఒకసారి చూసి, మా అమ్మ జబ్బు పేరు చెప్పాడు. ముదిరిపోయిందట. కోసినా లాభం లేదని డాక్టరు చెప్పి, నొప్పి తెలియకుండా ఉండటానికి ఆ బిళ్ళలు రాసిచ్చాడట.

"మన మందు దీనికిప్పుడు ఇత్తే సచ్చిపోతాది. లోపల ఏటున్నాదని కరగడానికి," అన్నాడు.

ఆమెకి చెప్పకుండా ఎలా అని నేను అడిగాను. ఆమె బతుకు ఆమెది, తెలుసుకునే హక్కు ఉంటుంది అన్నాను. ఆయన నూరడం ఆపలేదు.

"అయితే నువ్వే ఎల్లి సెప్పు. నేనిక్కడే ఉంటాను."

నేను గుమ్మం దాకా వెళ్ళాను. అప్ప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అడుగుల చప్పుడు విని ఇటు తిరిగి, టీ తాగేవా తమ్ముడూ అని లేవబోయింది. వద్దన్నాను. మళ్ళీ వంటింట్లోకి వచ్చాను. బావ నా వైపు చూడకుండానే గ్లాసులో పొడి కలుపుతున్నాడు.

"పోనీ ఆ తిట్లయినా మానెయ్ బావా," అన్నాను.

"నిన్నటిదాకా తిట్టినోడు ఇయ్యాల మానేత్తే దానికి తెలిసిపోదేటి? అది పిచ్చిది కాదు."

ఆ మాట నిజమే. అందులో నేను పట్టుకోగలిగిన తప్పు లేదు. కానీ ఇంకో నిజం కూడా ఉంది. తిట్టడం ఆయనకి కష్టమైనట్టు నాకు ఎప్పుడూ కనబడలేదు. ఎప్పటి ఉత్సాహంతోనే తిట్టేవాడు. కొత్త తిట్లు కూడా కనిపెట్టేవాడు.

బిళ్ళల వల్ల నొప్పి తగ్గేది. అప్ప అది చీనా మందు మహిమ అనుకునేది. ఆయన నోరు ఎలాంటిదైనా మందు మంచిదిరా అనేది. తగ్గినప్పుడల్లా, తను నిజంగానే ఏదో ఎక్కువ తింటోందేమో అన్న అనుమానం కూడా ఆమెకి వచ్చేది. ఏం తిన్నానని లెక్క వేసుకునేది. ఉదయం సగం ఇడ్లీ, మధ్యాహ్నం మజ్జిగ. ఎంత వెతికినా దొరికేది కాదు.

ఒక రోజు నన్ను దగ్గర కూర్చోమంది.

"ఒరే తమ్ముడూ, మీ బావతో ఒక్క మాట సెప్పాల నువ్వు. అది తిన్లేదు అని ఆయన్ని ఒక్కసారి అనమను. ఆ అరుగు మీద, అందరూ ఇనీటట్టు. ఊరంతా నన్ను తిండిపోతననుకుంటన్నారు. ఆ పేరుతోనే పోతే సిగ్గు కాదేటి?"

పోవడమేమిటి అప్పా అన్నాను. మాటకన్నానులే అంది.

బావకి చెప్పాను. ఆ సాయంత్రం ఆయన కమలా తొక్కలు చాటలో ఎండినవీ ఎండనివీ వేరుచేస్తున్నాడు. చెయ్యి ఆగింది.

"అది తిన్లేదని నేనంటే, మరి నొప్పెందుకు అంటాది. అప్పుడేటి సెప్పను?"

ఆ రోజు ఆమె కోరికకి, ఆమె ప్రాణానికి మధ్య ఆయన నిలబడి ఉన్నట్టు నాకు అర్థమైంది. కోరిక తీరిస్తే ఆమెకి జబ్బు సంగతి చెప్పినట్టే.

చలి ముదిరేసరికి ఆమెకి మింగుడు పడటం మానేసింది. ఒక పొద్దున్న అరుగు మీదికి గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. జనం ఉన్నారు. తిన్నది సెప్పు అన్నాడు. ఏటీ తిన్లేదు అంది. అందరూ బావ వైపు చూశారు. ఆ షరతు వాళ్ళందరికీ తెలుసు. తినని కడుపుకి ఆయన మందు ఇవ్వడు.

"అయితే మందు లేదు. లెగు," అన్నాడు.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఇంకొకరి పొట్ట తట్టడం మొదలుపెట్టాడు. లోపల ఆమె నోట్లో చీర కుక్కుకుని మూలగడం నాకు వినబడుతోంది, ఆయనకీ వినబడుతూనే ఉండాలి. అరుగు ఖాళీ అయ్యేదాకా ఆయన కదల్లేదు. తరవాత గ్లాసు పట్టుకుని వెళ్ళి, మంచం పక్క కూర్చుని, ఇప్పుడు సెప్పు అన్నాడు. అప్ప చాలాసేపు ఆయన మొహం చూసింది. రెండు గారెలు అంది. ఆ ఇంట్లో గారెలు వండి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. ఆయన ఆ రెండు గారెలకీ ఆమెని వీధిలోకి వినబడేలా తిట్టి, తల పైకెత్తి పట్టుకుని, గ్లాసు తాగించాడు.

ఆ మర్నాటి నుంచి ఆమె తిండి కల్పించి చెప్పడం మొదలుపెట్టింది. నడవలేనప్పుడు మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకుంది. అరుగు మీదవాళ్ళు కిటికీలోంచి వినేవారు. పనసపొట్టు కూర. చేపల పులుసు, అందులో తలకాయ. బూరెలు, నెయ్యి పోసుకుని. వండిన తీరు కూడా చెప్పేది, పోపులో ఏమేం పడిందో, పులుసు ఎంతసేపు మరిగిందో. బావ మధ్యలో ఆపి, ఇంకేటి అనేవాడు. ఇంకో ముక్క వేసుకున్నాను అనేది. సిగ్గులేదేటి అనేవాడు. అరుగంతా నవ్వేది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలియనంతగా చిక్కిపోయింది. కిటికీ అవతలివాళ్ళకి కనబడేది మొహం ఒక్కటే, వినబడేది తిండి ఒక్కటే.

ఒక రోజు తాటి ముంజలు తిన్నానంది.

"ఎన్ని?"

"గెలంతా."

"గెలంతా తినేసి నొప్పంటే నొప్పి కాదేటి మరి," అని ఆయన అందుకున్నాడు. అందరూ నవ్వుతున్నారు. పుష్యమాసం. జిల్లా అంతా గాలించినా ఒక్క ముంజ దొరకదు. నవ్వుల్లో ఎవరికీ తట్టలేదు. నేను అప్ప వైపు చూశాను. ఆమె కళ్ళు బావ మీద ఉన్నాయి. ఆయన గ్లాసులోకి చూస్తూ చెంచాతో తిప్పుతున్నాడు, అప్పటికే ఎప్పుడో కలిసిపోయిన దాన్ని. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరికి దాస్తున్నారో నాకు ఆ రోజు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

అప్ప మాఘమాసంలో పోయింది. జబ్బేమిటని అడిగినవాళ్ళకి బావ, చూశారు కదా, తిండి అన్నాడు. జనం తలూపారు. ఇప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా అని నేను లోపలికి తీసుకెళ్ళి అడిగాను. ఇంక ఆమె గుండె ఆగేది లేదు, అడిగిన ఒక్క మాటా అనడానికి అడ్డేమీ లేదు అన్నాను. ఆయన నన్ను తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పదోరోజున శారదా నది ఒడ్డుకి వెళ్ళాం. పక్కింటి పిన్ని చాలా శ్రమపడి వండి తెచ్చింది. కిటికీలోంచి రోజూ విన్న మనిషి కాబట్టి అప్పకి ఇష్టమైనవి ఏవో ఆమెకి బాగా తెలుసు. గారెలు, బూరెలు, చేపల పులుసు, పనసపొట్టు కూర, అన్నీ విస్తట్లో పెట్టి, పిండం పక్కన ఉంచి, దూరం జరిగాం. కాకులు చింతచెట్టు మీద ఉన్నాయి. ఒకటి దిగి, విస్తరి చుట్టూ నడిచి, ఎగిరిపోయింది. ఎండ ఎక్కుతోంది. ఏదో కోరిక మిగిలిపోయి ఉంటుంది, అదేదో గట్టిగా అనండి, తీరుస్తామని చెప్పండి అన్నాడు కర్మ చేయించే ఆయన. ఒకరు ఏటా అన్నదానం చేస్తామన్నారు. ఒకరు ఆమె చీరలు పేదవాళ్ళకి పంచుతామన్నారు. కాకి రాలేదు. ఆ కోరిక ఏమిటో తెలిసినవాళ్ళం అక్కడ ఇద్దరమే ఉన్నాం. నేను బావ వైపు చూశాను. ఆయన నీళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని ఇసకలో ఏదో గీస్తున్నాడు.

"అంత ఇష్టంగా తిన్న మనిషి, ఇయ్యాల ఇన్ని పెడితే ముట్టదేటి?" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ.

బావ లేచాడు. విస్తరి దగ్గరికి నాలుగడుగులు వేసి ఆగాడు. అరుగు మీద మాట్లాడే గొంతుతో, వెనకాలవాళ్ళకి కూడా వినబడేలా అన్నాడు.

"అదెప్పుడు తిన్నాది, ఇప్పుడు తినడానికి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో మిగిలినవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు. ఇదీ ఆయన వెక్కిరింతే అనుకుని ఆ ఒడ్డు మీద అందరూ నవ్వారు. కర్మ చేయించే ఆయన కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పోయినాక కూడా దాన్ని ఒగ్గవేటి బాబూ నువ్వు," అంది పిన్ని, ఏడుపులోంచి నవ్వులోకి వచ్చి.

బావ వాళ్ళందరినీ ఒకసారి చూశాడు. చివర నన్ను చూశాడు. నోరు తెరిచాడు, ఇంకేదో అంటాడనుకున్నాను. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వాళ్ళతోపాటు తనూ నవ్వాడు.